రాత్రి డ్యూటీకి వెళ్లబోతున్న అమ్మలుకు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

జులై 1న అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో రెసిడెన్సీలో, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే డాక్టరు శిక్షణలో, చేరబోతున్నావని, రాత్రి డ్యూటీలు తట్టుకోవడానికి అపోలో న్యూరో అనే వైబ్రేషన్ బ్యాండు కొనుక్కున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి, మన ఇంట్లో రెండో డాక్టరు తయారైందన్న సంతోషంతో పాటు దిగులు కూడా నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

బ్యాండు వద్దని అనను. పసిబిడ్డను భుజాన వేసుకుని జోకొడితే ఒళ్లు వదులైనట్టే, చర్మానికి తగిలే మెల్లని అదురు వల్ల గుండె వేగం నెమ్మదిస్తుందని దాన్ని తయారుచేసినవాళ్ల ఆలోచన. ఇంతవరకు జరిగిన పరిశోధనలు చాలావరకు చిన్నవే. మణికట్టుకు పెట్టుకుంటే చేతులు కడుక్కోవడానికి అడ్డం కనుక చీలమండకు కట్టుకో. పగలు పడుకునే గదికి మందపాటి తెరలు వేయించుకో.

నా భయం వేరు. 1983లో హౌస్ సర్జన్‌గా ముప్పై గంటలు ఏకబిగిన పనిచేసి వచ్చినా నిద్ర పట్టక, ఎవరికీ చెప్పకుండా డయజిపామ్ అనే నిద్రమాత్రలు అలవాటు చేసుకున్నాను. ఒక రాత్రి మాత్ర వేసుకున్న అరగంటకే వార్డు నుంచి పిలుపు వచ్చింది. షుగరు ఉన్న ఒక పెద్దాయనకు 4 యూనిట్ల ఇన్సులిన్ రాస్తూ, అంకె పక్కన యూనిట్లకు గుర్తుగా వేసిన ఇంగ్లీషు ‘యు’ అక్షరాన్ని మత్తులో పైన మూసేశాను. అది అచ్చం 40లా కనబడింది. సిస్టరుగారు గాజు సిరంజి పట్టుకొచ్చి, “డాక్టరుగారూ, చివరి గీత దాకా వచ్చింది, మొత్తం ఇచ్చేయమంటారా?” అని అడిగారు. ఆ గీతను చూశాక నా చేతులు వణకడం ఆగలేదు. అలసిపోయానని మా చీఫ్‌తో చెప్పడానికి సిగ్గుపడినవాణ్ణి, ఆ తప్పునూ చెప్పుకోలేదు. ఇన్నేళ్లకు మొదటిసారి నీకే చెబుతున్నాను.

బ్యాండు మాత్ర కాదని నాకూ తెలుసు. కానీ ఒళ్లు కాస్త తేలికపడగానే, ఇంకో నాలుగు గంటలు చేయగలనని నీకు అనిపిస్తుందేమోనని నా బెంగ. వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లోనే ఆస్ట్రేలియాలో తేల్చారు. మీకు నాలుగు వారాల సగటున వారానికి 80 గంటలు దాటకూడదన్న నియమం ఉంది కదా, మంచిపేరు కోసం గంటలు తగ్గించి రాశావని తెలిస్తే ఊరుకోను. చిన్నప్పుడు జ్వరం వచ్చినా చెప్పకుండా బడికి వెళ్లిపోయిన పిల్లవు నువ్వు, అందుకే ఇంతగా చెబుతున్నాను.

రాత్రి డ్యూటీ దిగాక కారు నడపకు, ట్యాక్సీలో వెళ్లు. అక్కడ ఉదయం 7 అయితే ఇక్కడ సాయంత్రం 4.30, ఇంటికి చేరగానే ఒక్క మాట ఫోను చెయ్యి, పెద్దమ్మా నేనూ మేలుకునే ఉంటాం.

పెదనాన్న