అడవిలో నీళ్లు అయిపోతే ఎండిన వాగులో వెతకండి

నల్లమలలో ట్రెక్కింగ్‌కి వెళ్లి దారి తప్పితే, సీసాలో నీళ్లు కూడా అయిపోతే ఏం చేయాలని అడిగారు. మాది అచ్చంపేట వైపు. చెంచుల వెంట అడవిలో తిరుగుతూ పెరిగాను కాబట్టి ఆ అడవి సంగతే చెబుతాను.

ముందు నీడ చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం నీళ్ల కోసం తిరిగితే దొరికే నీళ్లకన్నా చెమటకు పోయేవే ఎక్కువ. సిగ్నల్ అందితే 112కి ఫోన్ చేయండి. ఎండ తగ్గాకే కదలండి. సీసాలో గుక్కెడు మిగిలుంటే దాచుకోకండి, దాహమైనప్పుడు తాగేయండి. నీళ్లు లేనప్పుడు మిక్చర్, చిప్స్ లాంటివి ముట్టుకోవద్దు.

ఆ తర్వాత పల్లానికి దిగి వాగు పట్టుకోండి. పైకి ఎండిపోయినట్టు కనిపించినా చాలా వాగుల్లో ఇసుక కింద నీరుంటుంది. వాగు మలుపు తిరిగేచోట బయటి ఒడ్డు వైపు, అడ్డంగా బండ ఉంటే దానికి ఎగువన, ఏరుమద్ది, నేరేడు, తుంగ పచ్చగా ఉన్నచోట చూడాలి.

ఒక వేసవిలో తేనెకు వెళ్లినప్పుడు మాకూ నీళ్లు అయిపోయాయి. మాతో వచ్చిన చెంచు పెద్దాయన వాగులో అక్కడక్కడా పైపొర తీసి, కింది ఇసుకను పిడికిట్లో నొక్కి చూశాడు. ముద్దగా నిలిచినచోట కూర్చుని చేతులతోనే చెలమ తవ్వాడు. మోచేతి లోతుకు వెళ్లేసరికి ఇసుక నల్లబడి అడుగున ఊట మొదలైంది. మేం ఆత్రంగా వంగబోతే "ఆగు బిడ్డా, ముందుగాల తోడిపొయ్యాలె" అన్నాడు. మోదుగాకు దొప్పతో ఆ బురద నీళ్లు తోడిపోసి ఆగాడు. మళ్లీ ఊరాయి, మళ్లీ తోడాడు. అలా తేటనీళ్లు వచ్చేదాకా ఎవరినీ తాగనివ్వలేదు.

తేటగా ఉన్నంత మాత్రాన శుభ్రమైనవని కాదు. గుడ్డలో వడకడితే మట్టి పోతుంది, క్రిములు పోవు. వీలైతే తెర్లేలా ఒక నిమిషం మరిగించండి. అయితే వేసవిలో ఎండుటాకుల మధ్య నిప్పు మహా ప్రమాదం, ఉత్త ఇసుకలోనే పెట్టాలి, తర్వాత పూర్తిగా ఆర్పేయాలి. అందుకే క్లోరిన్ బిళ్లలు వెంట ఉంచుకోమంటాను, వేసి అరగంట ఆగితే చాలు. చిల్లగింజ అరగదీసి నీళ్లు తేర్చడం పాత పద్ధతే గానీ, అదే జాతిలోని ముష్టి గింజ విషం. చెట్టు గుర్తుపట్టలేనివాళ్లు ఆ జోలికి పోవద్దు. ఇవేవీ లేవు, కళ్లు తిరుగుతున్నాయి అంటే మాత్రం చెలమ నీళ్లు అలాగే తాగేయండి. విరేచనాలు పట్టుకుంటే తర్వాత వైద్యం ఉంది. వడదెబ్బ ఆ పూటే ప్రాణం తీస్తుంది.

నల్లమద్ది వీడియో చాలామంది చూసే ఉంటారు. 2024 మార్చిలో పాపికొండల్లో కొండరెడ్లు చెప్పిన ఆనవాలుతో అటవీ సిబ్బంది మాను మీద బుడిపె దగ్గర గాటు పెడితే నీళ్లు చిమ్మాయి. అది నిజమే. కానీ ప్రతి నల్లమద్దిలోనూ నీళ్లుండవు, ఆ నీళ్లకు ఘాటైన వాసన, పులుపు ఉంటాయి. ఏ చెట్టో తెలియకుండా కనబడ్డ మానల్లా నరుక్కుంటూ పోతే ఉన్న ఓపిక కాస్తా పోతుంది, చెట్లూ పాడవుతాయి. దయచేసి ఆ పని చేయకండి.

జంతువుల అడుగుజాడలు అన్నివైపుల నుంచి ఒకచోటికి కలుస్తుంటే అక్కడ నీళ్లుండే అవకాశం ఎక్కువ. కానీ పొద్దు వాలాక, తెల్లవారుజామున ఆ చోటు ఎలుగుబంట్లకూ చిరుతలకూ వదిలేయాలి. జంతువులు నీళ్లు తాగడానికి అటవీశాఖ కట్టిన సాసర్ పిట్ (లోతు తక్కువ నీటి తొట్టి) కనబడితే నీళ్లకన్నా ముందు నేల చూడండి. వేసవిలో చాలావాటిని ట్యాంకర్లతోనే నింపుతారు. ఆ టైర్ల జాడ పట్టుకుని నడిస్తే అటవీ సిబ్బంది ఉండే బేస్ క్యాంపుకో రోడ్డుకో చేరతారు.