బెజవాడలో నిజాం రైలు, సదరన్ మరాఠా రైలు ఎక్కడ కలిశాయి?

నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే, సదరన్ మరాఠా రైల్వే బెజవాడలో సరిగ్గా ఏ చోట, ఏ సంవత్సరంలో కలిశాయని మీరు అడిగారు. ఒకచోట 1888 అనీ, మరొకచోట 1889 అనీ, ఇంకొకచోట 1893 అనీ కనిపిస్తున్నాయని కూడా రాశారు. ఇదే చిక్కుముడి విప్పడానికి నేను కొంతకాలం పాత సర్వే పటాలు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు రైల్వే నివేదికలు ముందేసుకుని కూర్చున్నాను. పట్టాలు కృష్ణా నది ఒడ్డుకు చేరడం, నది దాటడం, సరుకు దించకుండా వ్యాగన్లు ముందుకు సాగడం అనే మూడు వేర్వేరు ఘట్టాలను ఒకే సంవత్సరంలో ఇరికించడం వల్లనే ఈ గందరగోళం పుట్టిందని నా అభిప్రాయం.

ముందుగా ఉత్తరపు ఒడ్డు సంగతి. ఇప్పటి కర్ణాటకలో ఉన్న వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లో బ్రాడ్ గేజి (వెడల్పు పట్టాల) రైలు వచ్చింది. 1883లో లండన్‌లో ఏర్పడిన నిజాం గ్యారంటీడ్ కంపెనీ ఆ దారిని తూర్పుకు పొడిగించి, 1886లో వరంగల్లుకూ, 1888లో డోర్నకల్లుకూ, 1889లో బెజవాడకూ చేర్చింది. ఇల్లెందు ప్రాంతంలో అప్పుడే తవ్వకం మొదలైన సింగరేణి బొగ్గును బయటికి తీసుకుపోవాలన్నది ఈ పొడిగింపు వెనుక ఉన్న పెద్ద ఆశ. ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. నిజాం సరిహద్దు దాటిన తరువాత కొండపల్లి మీదుగా బెజవాడ దాకా ఉన్న ముక్క బ్రిటిషు భూభాగంలోనిది. దానిని ‘బెజవాడ ఎక్స్‌టెన్షన్’ అనే పేరుతో విడిగా లెక్క కట్టేవారు, బండ్లు మాత్రం నిజాం కంపెనీయే నడిపేది. కాబట్టి ఈ చివరి ముక్క వివరాల కోసం హైదరాబాదు రికార్డులు మాత్రమే చూస్తే చాలదు, మద్రాసు ప్రభుత్వపు పబ్లిక్ వర్క్స్ శాఖ రైల్వే కాగితాలు కూడా చూడాలి.

దక్షిణపు ఒడ్డు కథ పూర్తిగా వేరు. 1876–78 నాటి ధాత కరువు తరువాత, కరువు సీమలకు ధాన్యం చేరవేయడానికని తలపెట్టిన బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వేను సదరన్ మరాఠా కంపెనీ నడిపింది. మీటర్ గేజిలో, అంటే ఇరుకు పట్టాలతో వేసిన ఆ దారి గుంతకల్లు, నంద్యాల, నల్లమల అడవి, కంభం, గుంటూరు, మంగళగిరి మీదుగా వచ్చి తాడేపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున ఆగిపోయింది. అంటే 1889లో నిజాం రైలు బెజవాడ చేరినంత మాత్రాన ఈ రెండు దారులూ కలవలేదు. నది ఇంకా మధ్యలోనే ఉంది.

ఆ లోటు తీర్చింది ఈ రెండు కంపెనీలలో ఏదీ కాదు. ఆనకట్టకు దిగువన 1893లో పూర్తయిన రైలు వంతెన ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పని, అంటే ప్రభుత్వానిది. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ నడుమ నది ఇరుకుగా పారే చోటు అదే కావడం వల్ల, 1850లలో ఆనకట్ట కట్టినవారూ తరువాత వంతెన కట్టినవారూ అక్కడికే వచ్చారు. మద్రాసు నుంచి బ్రాడ్ గేజి దారి బెజవాడకు వచ్చింది 1899లో కదా, ఆరేళ్ల ముందే వంతెన ఎందుకని మీకు సందేహం రావచ్చు. ఆ ఆరేళ్లూ దాని ముఖ్యమైన ఉపయోగం మీటర్ గేజి బండ్లను నది దాటించి బెజవాడ స్టేషన్‌లోకి తేవడమే. అందువల్ల రెండు దారులు కలిసిన సంవత్సరం ఏదని ఒక్క అంకె అడిగితే నేను 1893 అనే చెబుతాను, కలిసిన చోటు బెజవాడ స్టేషన్ యార్డు అంటాను.

అయితే అది మనుషులు కలిసిన చోటే గాని బండ్లు కలిసిన చోటు కాదు. ఒకదాని పట్టాల ఎడం అయిదు అడుగుల ఆరు అంగుళాలు, మరొకదానిది ఒక్క మీటరు. ఒక దారి వ్యాగను రెండోదాని మీద నడవదు గనుక, డోర్నకల్లు వైపు నుంచి వచ్చిన బొగ్గు గుంటూరుకు పోవాలంటే యార్డులో కూలీలు ఆ వ్యాగన్లు ఖాళీ చేసి ఈ వ్యాగన్లు నింపవలసిందే. 1908లో బెజవాడ–మచిలీపట్నం దారిని కూడా మీటర్ గేజిలోనే వేశారు. దానితో పడమటి తీరాన గోవాలోని మార్ముగోవా రేవు నుంచి తూర్పు తీరం దాకా అదే గేజి దారి ఏర్పడింది, నిజాం దారి మాత్రం దానితో విడిగానే ఉండిపోయింది.

నేల మీద ఆనవాళ్లు చూడాలనుకుంటే, గుంటూరు వైపు వెళ్లే పగటి బండి ఎక్కి విజయవాడ నుంచి వంతెన దాటండి. అవతలి ఒడ్డున కృష్ణా కెనాల్ జంక్షన్ వస్తుంది. అక్కడ మీ బండి మంగళగిరి వైపు కుడికి ఒరుగుతుంది, తెనాలి, చెన్నై పట్టాలు ఎడమగా విడిపోతాయి. కుడి చేతి దారి పాత సదరన్ మరాఠా బాట, ఎడమ చేతిది 1899 నాటి మద్రాసు బాట. నేడు రెండూ బ్రాడ్ గేజే కావడం వల్ల చూడగానే తేడా తెలియదు. పాత పటం మీద మీటర్ గేజినీ బ్రాడ్ గేజినీ వేర్వేరు గుర్తులతో చూపుతారు కాబట్టి, ఏ పటమైనా తెరిచినప్పుడు దాని సర్వే సంవత్సరం, ముద్రణ సంవత్సరం రెండూ రాసుకోండి. ముద్రణలో తరువాత చేర్చిన గీతలను మొదటి సర్వే నాటివిగా లెక్కించడం వల్లనే తేదీలు తరచుగా తారుమారవుతాయి.