యుద్ధ భయంతో అప్పు చేసి సరుకులు నింపుకోవాలా?

ప్రశ్న: యుద్ధ వార్తలు చూస్తుంటే తిండి ఖర్చు ఎక్కడికి పోతుందోనని టెన్షన్‌గా ఉంది. 15 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకుని, కొంత డబ్బుతో ఇంట్లో నలుగురికీ ఏడాదికి సరిపడా సరుకులు కొనాలని, మిగిలింది గోధుమ ఫ్యూచర్స్‌లో (రాబోయే నెలల ధర మీద ఇప్పుడే కుదుర్చుకునే ఒప్పందాల్లో) పెట్టాలని అనుకుంటున్నాను. లోన్ మంజూరైంది, డబ్బు ఇంకా ఖాతాలో పడలేదు. బ్యాంకులో రెండు నెలల ఖర్చుకు సరిపడా ఉంది. నా జీతం ఒక్కటే ఆధారం. ఇది సరైన ఆలోచనేనా?

జవాబు: కాదండీ. ఆ లోన్ తీసుకోకండి. ఎక్కడ యుద్ధం మొదలైనా ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మీ భయం ఉత్తిది కాదు. యుద్ధం ఎంత దూరంలో జరిగినా దాని సెగ వంటింటికి తగులుతుంది. కాకపోతే రెండు నెలల నిల్వతో బతుకుతున్న కుటుంబం నెత్తిన మూడేళ్ల అప్పు పెట్టడం ఆ సెగను ఇంకా పెంచుతుంది.

ముందు మీ లెక్కే చూద్దాం. 15 శాతం వడ్డీతో మూడేళ్లకు 100 తీసుకుంటే తిరిగి కట్టేది దాదాపు 125. అంటే మీరు కొన్న సరుకుల ధర ఏడాది పొడవునా సగటున 25 శాతం ఎక్కువగా ఉంటేనే మీకు నష్టం లేనట్టు. అందులో పురుగు పట్టే పిండి, పాతబడి చెడు వాసన వచ్చే నూనె లెక్క వేయలేదు. పైగా సరుకులు ఏడాదిలో అయిపోతాయి. తినేసిన తిండికి ఇంకో రెండేళ్లు ఈఎంఐ కడుతూనే ఉండాలి. ఆ రెండేళ్లలో ధరలు మళ్లీ పెరిగితే? కొనడానికి చేతిలో ఏముంటుంది?

2022నే తీసుకోండి. ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేసింది. ప్రపంచ గోధుమ ఎగుమతుల్లో ఈ రెండు దేశాల వాటా పావు వంతుకు పైనే ఉండేది. పొద్దుతిరుగుడు నూనె ఎగుమతుల్లో ఉక్రెయిన్‌దే మొదటి స్థానం. నల్ల సముద్రం రేవుల నుంచి ఓడలు కదలడం ఆగేసరికి ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ధరల సూచీ (2014–16 సగటు ధరలు 100 అనుకుంటే) మార్చిలో 160 దాకా వెళ్లింది. అప్పటికి అదే రికార్డు. ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. మూడు నాలుగు వారాలకే మళ్లీ తెరిచింది. జులైలో ఉక్రెయిన్ ధాన్యం ఓడలకు దారి ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. డిసెంబరుకల్లా ఆ సూచీ 132కి, అంటే అంతకు ముందటి డిసెంబరు కన్నా కాస్త కిందికే దిగింది.

ఇక గోధుమ ఫ్యూచర్స్. ఆ మార్చి మొదట్లో చికాగో మార్కెట్లో ధర వరుసగా రోజులకు రోజులు, ఒక్క రోజులో పెరగడానికి అనుమతించే ఎగువ పరిమితిని తాకింది. జులై మొదటికల్లా యుద్ధానికి ముందున్న చోటికే వచ్చి పడింది. వార్తలు చూసి మార్చిలో అప్పు డబ్బుతో దిగినవాళ్లకు మార్జిన్ కాల్స్ (నష్టం వచ్చింది, ఇంకా డబ్బు కట్టమనే నోటీసులు) వచ్చాయంటే ఆశ్చర్యం లేదు. అప్పు తెచ్చి ఫ్యూచర్స్‌లోకి దిగడం గురించి ఇంతకు మించి చర్చించను. వద్దంటే వద్దు.

సూచీ దిగినంత వేగంగా దుకాణంలో ధర దిగదు, అది నిజం. యూరియాను సహజ వాయువుతోనే తయారు చేస్తారు కాబట్టి ఆ గ్యాస్ ధర పెరిగితే యూరియా ధర పెరుగుతుంది, రైతు ఎరువు తగ్గిస్తాడు, ఆ దెబ్బ తర్వాతి పంటలో కనిపిస్తుంది. అందుకే యుద్ధం తెచ్చే భారం నెలల తరబడి కొద్దికొద్దిగా మీద పడుతుంది. దాన్ని మోయడానికి అత్యవసర నిధే, అంటే ఆరు నెలల ఖర్చుకు సరిపడా పక్కన పెట్టిన డబ్బే కావాలి. మీ ఖర్చులో తిండి వాటా 40 శాతం అనుకుందాం. తిండి ధర పావు వంతు పెరిగితే మొత్తం ఖర్చు 10 శాతమే పెరుగుతుంది. ఆరు నెలల నిధి ఐదున్నర నెలలు వస్తుంది. అదే జీతం ఆగిపోతే? ధాన్యం బస్తాతో ఇంటి అద్దె కట్టలేరు, ఫీజు కట్టలేరు, ఆస్పత్రి బిల్లు అసలే కట్టలేరు.

ఏది దొరకదో ముందే ఊహించడమూ అంత తేలిక కాదు. బ్రిటన్‌లో 1940 జనవరిలో బేకన్, వెన్న, చక్కెరలకు రేషన్ పెట్టారు. జులైలో టీ, మరుసటి ఏడాది చీజ్ చేరాయి. రొట్టెకు మాత్రం యుద్ధం జరిగినన్నాళ్లూ రేషన్ లేదు. యుద్ధం ముగిశాక, 1946 జులైలో పెట్టారు! రేషన్ పూర్తిగా పోయింది 1954లో. అన్నేళ్లూ ఆ కుటుంబాలు తిండి మార్చుకుంటూ నెట్టుకొచ్చాయి. తెల్ల రొట్టె బదులు ముతక పిండి రొట్టె, మాంసం తగ్గిన చోట బంగాళాదుంపలు, క్యారెట్లు. 2022లోనూ ఎన్నో ఇళ్లలో నూనె మార్చారు. చేతిలో డబ్బుంటే ఏది చవగ్గా దొరికితే దానికి మారొచ్చు. డబ్బంతా సరుకులో ఇరుక్కుంటే ఆ వెసులుబాటు ఉండదు.

ముట్టడిలో చిక్కుకున్న ఊరి సంగతి వేరు. 1941 చలికాలంలో, జర్మన్ సేనలు చుట్టుముట్టిన లెనిన్‌గ్రాడ్‌లో (ఇప్పటి రష్యా నగరం సెయింట్ పీటర్స్‌బర్గ్) పిల్లలకు రోజుకు 125 గ్రాముల రొట్టె ఇచ్చిన వారాలున్నాయి. అలాంటి చోట ఇంట్లో ఉన్న ప్రతి గింజా ప్రాణంతో సమానం. అయినా యుద్ధాన్ని దృష్టిలో పెట్టుకునే జనానికి సలహాలిస్తున్న స్వీడన్ ప్రభుత్వం ఇంట్లో ఉంచుకోమంటున్నది వారం సరుకు, దాంతో పాటు కొంత నగదు. యూరోపియన్ యూనియన్ 2025లో చెప్పింది కనీసం 72 గంటలకు. ఏడాది సరుకు అప్పు చేసి కొనమని ఎవరూ అనలేదు. మీకు ధైర్యంగా ఉంటుందంటే రోజూ తినేవే నెలకు సరిపడా, జీతంలోంచే కొనుక్కోండి. పాతవి వాడుతూ కొత్తవి చేర్చండి.

బంగారం, ఎరువుల కంపెనీల షేర్లు ఆరు నెలల నిధి పూర్తయ్యాక మాట్లాడుకుందాం. జీతం ఒక్కటే ఆధారం అన్నారు కాబట్టి టర్మ్ బీమా (మీకేమైనా జరిగితే కుటుంబానికి డబ్బు వచ్చేది), ఆరోగ్య బీమా లేకపోతే అవి వెంటనే తీసుకోండి.

డబ్బు ఖాతాలో పడలేదు కాబట్టి లోన్ వద్దని ఇవాళే రాతపూర్వకంగా పంపండి. ప్రాసెసింగ్ ఫీజు పోతే పోనివ్వండి. మీరు కట్టగలను అనుకున్న ఆ ఈఎంఐ మొత్తాన్ని వచ్చే జీతం నుంచే నిధికి మళ్లించండి. జీతం పడిన మర్నాడే ఆటోమేటిక్‌గా వేరే ఖాతాకు వెళ్లేలా పెట్టుకోండి. రెండు నెలల ఖర్చు పొదుపు ఖాతాలో, మిగతాది ఎప్పుడైనా తీసుకోగలిగే డిపాజిట్లలో ఉంచండి.