వంటింటి ఉత్తరాలు: సాసేజ్ సూప్‌లో గరం మసాలా వద్దు

చలి ముదిరేసరికి ఉత్తరాలన్నీ వేడి వేడి సూపుల మీదికి మళ్లాయి. అందులోనూ సాసేజ్, పాస్తా కలిపి వండే ఇటాలియన్ అమెరికన్ సూప్ గురించి అడిగినవారే ఎక్కువ. న్యూజెర్సీలో కాపురం పెట్టి, ఇటాలియన్ కుటుంబాల పొరుగున ఉంటున్నదాన్ని కాబట్టి ఈ ప్రశ్నలు నా దగ్గరికి రావడం సహజమే. ఈ నెలంతా వాటికే కేటాయిస్తున్నాను. ఆవకాయలో బూజు గురించి అడిగినవారు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: అమ్మగారికి నమస్కారం. ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి ఆరున్నర అవుతుంది. అప్పటికి పిల్లలిద్దరూ ఆకలి ఆకలి అంటుంటారు. స్నేహితురాలి ఇంట్లో సాసేజ్, పాస్తా సూప్ తిని, బాగుందని నేనూ చేశాను. సాసేజ్‌ను చక్రాలుగా తరిగి, పాస్తాతో పాటు మరిగే నీళ్లలో వేశాను. ముక్కలు పాలిపోయాయి, పైన నూనె తెట్టు కట్టింది, పాస్తా జావ అయింది. మా వారు గరం మసాలా వేస్తే దారిలో పడుతుందంటున్నారు. నేను కొన్న ప్యాకెట్ మీద ‘స్వీట్’ అని ఉంది. అదేమైనా కారణమా?
– ఒక పాఠకురాలు, జెర్సీ సిటీ

జవాబు: ముందు ఆ గరం మసాలా డబ్బాను మీ వారికి అందకుండా పెట్టండమ్మా. ‘స్వీట్’ తప్పేమీ కాదు. కారం లేని రకమని దాని భావం. కారం ఉన్నదాని మీద ‘హాట్’ అని ఉంటుంది. పిల్లలున్న ఇల్లు కాబట్టి మీరు కొన్నదే సరైనది.

సాసేజ్ అంటే ముందుగానే మసాలా దట్టించిన కీమా. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మీ సూప్ సగం కుదిరినట్టే. అమెరికాలో ఒక సాసేజ్‌కు ‘ఇటాలియన్’ అని పేరు పెట్టాలంటే అందులో ఉప్పు, మిరియాలతో పాటు సోంపో, దానికి చుట్టమైన ఆనిసో ఉండి తీరాలని వ్యవసాయ శాఖ నిబంధన. కొవ్వు 35 శాతం దాటకూడదనీ ఉంది. అంటే మీరు ప్యాకెట్ విప్పేటప్పటికే మసాలా పని అయిపోయింది. దాని మీద లవంగం, దాల్చినచెక్క పడితే సోంపు వాసన చచ్చిపోతుంది. మిగిలేది కూర వాసన వేసే సూప్. ఇక కొవ్వు సంగతి. వేయించకుండా నీళ్లలో వేశారు కాబట్టి అదంతా కరిగి మీరు చూసిన నూనె తెట్టుగా పైకి తేలింది.

కీమాను మనం నీళ్లలో వేసి ఉడకబెట్టేయం కదా, వేయిస్తాం. ఇక్కడా అంతే. అర కిలో సాసేజ్ తీసుకోండి. చాకు మొనతో పైతోలును నిలువునా చీల్చి ఒలిచేయండి. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నెలో ఒక చెంచా ఆలివ్ నూనె వేడిచేసి, లోపలి మాంసాన్ని చేత్తో తుంచి వేయండి. మా పొరుగింటి పెద్దావిడ గోలీకాయంత ముక్కలు తుంచుతుంది, అంతకన్నా చిన్నవి ఒప్పుకోదు. మరీ పొడిపొడిగా చిదిమేస్తే చెంచాలోకి ముక్క రాదని ఆవిడ వాదన. నేనూ ఆవిడ పక్షమే.

వేశాక మూడు నాలుగు నిమిషాలు గరిటె పెట్టకండి. మనవాళ్లకు ఇదే కష్టం, చెయ్యి ఊరుకోదు. మొదట మాంసంలోని నీరు బయటికి వచ్చి బుసబుసమంటుంది, ముక్కలు బూడిద రంగుకు తిరుగుతాయి. అప్పుడు కంగారుపడి కలపకూడదు. ఆ నీరు ఇగిరిపోతే చప్పుడు మారి చిటపటలాడటం మొదలవుతుంది. అడుగుపక్క ముదురు గోధుమ రంగు వచ్చాకే తిప్పండి. గిన్నె అడుగున ఒక పొర అంటుకుని ఉంటుంది. మాడిందనుకుని గీకి పారేసేరు! సూప్ రుచంతా అందులోనే ఉంది. నల్లబడనంత వరకు దానికేమీ కాదు.

ముక్కలు వేగుతుండగానే పక్క పొయ్యి మీద లీటరు చికెన్ బ్రాత్ (కోడి ఎముకలు ఉడికించి వడకట్టిన రసం), రెండు కప్పుల నీళ్లు కలిపి కాచండి. ఉప్పు తక్కువ ఉన్న రకం బ్రాత్ కొనండి. అదే సమయంలో ఒక ఉల్లిపాయ, ఒక క్యారెట్, ఒక సెలెరీ కాడ సన్నగా తరిగేసుకోవచ్చు. అరగంటలో అయ్యే వంట అంటే ఇలా రెండు పొయ్యిలూ, రెండు చేతులూ ఒకేసారి నడవాలి. ఒకటి అయ్యాక ఒకటి చేస్తే గంట పడుతుంది.

వేగిన ముక్కలను పళ్లెంలోకి తీసేయండి. గిన్నెలో రెండు చెంచాల కొవ్వు ఉంచి, మిగతాది వంపేయండి. సింకులో మాత్రం పోయకండి, గొట్టంలో గడ్డకడుతుంది. తరిగినవన్నీ ఆ కొవ్వులో వేసి చిటికెడు ఉప్పు చల్లితే, ఉల్లిపాయలోంచి వచ్చే తడికి అడుగు పొర దానంతటదే వదులుతుంది. ఐదారు నిమిషాల తర్వాత నాలుగు వెల్లుల్లి రెబ్బల తరుగు వేయండి. మీ వారికి కారం కావాలంటే ఎండుమిరప తునకలు వేయవలసింది ఈ నూనెలోనే. తర్వాత రెండు చెంచాల టమాటా పేస్టు వేసి, రంగు ముదిరేదాకా వేయించండి. పచ్చి వాసన పోవాలి. 400 గ్రాముల డబ్బా టమాటాలు, కాచిన బ్రాత్ పోసి, సాసేజ్ ముక్కలు తిరిగి వేసి మరగనివ్వండి. పార్మెజాన్ చీజ్ వాడే ఇల్లయితే, తురమగా మిగిలిన గట్టి చెక్కు పారేయకుండా ఇందులో వేయండి. వడ్డించేముందు తీసేస్తే సరి.

పది నిమిషాలు మరిగాక 150 గ్రాముల చిన్న పాస్తా వేయాలి. డితలీనీ అని పొట్టి గొట్టాల రకం దీనికి బాగా కుదురుతుంది. లేకపోతే చిన్న గవ్వల ఆకారంలో ఉండేవైనా సరే. ప్యాకెట్ మీద ఎన్ని నిమిషాలని ఉంటే దానికి రెండు తగ్గించి పొయ్యి ఆపేయండి, మిగతాది ఆ వేడికే ఉడుకుతుంది. ఆపేముందు గుప్పెడు పాలకూర వేయండి. ఉప్పు చివరన రుచి చూశాకే. సాసేజ్‌లో ఉప్పు, బ్రాత్‌లో ఉప్పు, పైన తురిమే చీజ్‌లో ఉప్పు. చాలాసార్లు వేయవలసిన అవసరమే రాదు.

ప్రశ్న: సూప్ రాత్రికి అద్భుతంగా ఉంటుంది, మర్నాటికి గరిటె నిలబడేంత గట్టిపడుతుంది. నీళ్లు పోస్తే చప్పబడుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ప్లేనో, టెక్సాస్

జవాబు: పాస్తా తాగేస్తోంది నాయనా. ఉడికేసరికి దాని బరువు రెట్టింపు దాకా పెరుగుతుంది, ఆ తర్వాత కూడా ఊరుకోదు. రేపటికి మిగులుతుందని తెలిస్తే పాస్తాను విడిగా ఉప్పునీళ్లలో ఉడికించి, కొంచెం నూనె రాసి పక్కన పెట్టండి. తినేటప్పుడు గిన్నెలో వేసుకుని పైన మరిగే సూప్ పోసుకోవాలి. విడిగా ఉడికిస్తే సూప్‌కు ఆ గంజి చిక్కదనం రాదు, నిజమే. దానికి ఒక కప్పు పాస్తా నీళ్లు సూప్‌లో కలిపేయండి.

పాస్తా లేని సూప్ ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో రెండు నెలలు నిక్షేపంగా ఉంటుంది. వండిన రెండు గంటల్లోపు లోపల పెట్టేయాలి. పెద్ద గిన్నెతో అలాగే పెడితే లోపల చల్లారడానికి చాలాసేపు పడుతుంది. లోతు తక్కువ డబ్బాల్లోకి పంచి పెట్టండి. ఇప్పటికే గట్టిపడినదాన్ని పలచన చేయడానికి నీళ్లు కాదు, బ్రాత్ పోయండి. కాస్త నిమ్మరసం పిండితే మళ్లీ ప్రాణం వస్తుంది.

ప్రశ్న: ఇక్కడ దుకాణాల్లో ఫ్రీజర్‌లో పెట్టిన చికెన్ సాసేజ్ తప్ప మరొకటి దొరకదు. తోలు ఒలిచినా పొడిపొడిగా విడిపోవడం లేదు. అమెరికాలో ఉన్నవాళ్లకేనా ఈ సూప్?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: కోపం అర్థమైందమ్మా. మీకు దొరికేది మాంసాన్ని మెత్తగా రుబ్బి, ముందే ఉడికించి అమ్మే రకం. అది విడిపోదు, అందులో సోంపూ ఉండదు. దాన్ని పిల్లల టిఫిన్ డబ్బాకు వదిలేసి, సాసేజ్‌ను మీరే చేసుకోండి. సాసేజ్ అంటే మసాలా కీమాయేనని పై జవాబులో చెప్పానుగా. పేగులో కూరితేనే సాసేజ్ అనుకోకండి, సూప్ కోసమైతే ఎలాగూ ఒలిచి పారేసేదే.

400 గ్రాముల కోడి కీమా తొడ మాంసంతో కొట్టించుకోండి. రొమ్ము మాంసమైతే ఎండిపోయినట్టు ఉంటుంది. ఒకటిన్నర టీస్పూన్ల సోంపును సన్నని మంట మీద దోరగా వేయించి కచ్చాపచ్చాగా దంచాలి. మెత్తగా పొడి చేస్తే వాసన అంతటా పరుచుకుంటుంది కానీ, పంటి కింద పడే ఆ చిన్న పలుకు ఉండదు. ఒక టీస్పూను ఉప్పు, అంతే మిరియాల పొడి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రంగు కోసం కాశ్మీరీ మిరపపొడి, ఒక చెంచా వెనిగర్ వేసి, చేతికి జిగటగా అంటేదాకా పిసకండి. ఆ జిగట ఉప్పు తగిలి మాంసంలోని ప్రొటీన్ కరగడం వల్ల వస్తుంది. ముక్క గిన్నెలో చెదిరిపోకుండా పట్టి ఉంచేది అదే. వీలైతే ముందురోజు రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే పావుగంట చాలు. కోడి మాంసంలో కొవ్వు తక్కువ కాబట్టి వేయించేటప్పుడు నూనె రెండు చెంచాలు ఎక్కువ వేయండి. పొట్టేలు కీమాతోనూ చేయవచ్చు, కానీ ఉడకడానికి అరగంట పైన పడుతుంది. అలసిపోయి వచ్చిన సాయంత్రానికి అది పనికిరాదు.

సెలెరీ దొరకకపోతే కొత్తిమీర కాడలు వేయండి. రుచి వేరే అయినా బాగుంటుంది. బ్రాత్ కోసం కోడి ఎముకలను కుక్కర్లో మెత్తగా ఉడికించి వడకట్టండి. బజారులో దొరికే బ్రాత్ ఘనాలు (స్టాక్ క్యూబ్‌లు) వాడితే ఇక ఉప్పు ముట్టుకోనక్కరలేదు.

పాస్తా దగ్గర మాత్రం రాజీ పడవద్దు. ప్యాకెట్ వెనక డురమ్ గోధుమ రవ్వ అని రాసి ఉందో లేదో చూసుకోండి. ఇటలీలో ఎండు పాస్తాను డురమ్ రవ్వతోనే చేయాలని 1967లో చట్టమే చేశారు. మైదాతో చేసినది సూప్‌లో నిలబడదు, అడుగున ముద్దకట్టేస్తుంది. డురమ్ మన దేశంలో పండనిదేమీ కాదు. మధ్యప్రదేశ్‌లోని మాళ్వా ప్రాంతం దానికి పేరుపడింది. కాబట్టి దిగుమతి సరుకే కొనాలన్న నియమం లేదు.

గోవా వెళ్లినప్పుడు కొందరు అక్కడి పోర్క్ సాసేజ్ తెచ్చుకుంటారు. వెనిగర్ పులుపు, మిరప ఘాటు దానిలో జోరుగా ఉంటాయి. దానితో ఈ సూప్ చేస్తే ఇటాలియన్ అనిపించుకోదు. అయినా వానాకాలం రాత్రి ఎవరైనా వడ్డిస్తే నేను కాదనను.

ప్రశ్న: మా అత్తగారు ఆరు నెలలకని వచ్చారు. ఆవిడ మాంసం ముట్టరు. నాకూ మా వారికీ సాసేజ్ సూప్, ఆవిడకు వేరే వంట అంటే రోజూ రెండు వంటలవుతున్నాయి.
– ఒక పాఠకురాలు, నేపర్‌విల్, ఇల్లినాయ్

జవాబు: గిన్నెలు రెండు తప్పవు తల్లీ, తరుగు మాత్రం ఒకటే చాలు. ఉల్లిపాయ, క్యారెట్, సెలెరీ అన్నీ రెట్టింపు తరిగి చెరిసగం చేయండి. ఆవిడ గిన్నెలో ముందు ఆలివ్ నూనె పోసి, దంచిన సోంపు, ఎండుమిరప, వెల్లుల్లి పోపులా వేయించండి. సాసేజ్ వాసనలో సగం సోంపుదే కాబట్టి ఆ వాసన ఇక్కడా దిగుతుంది. మాంసానికి బదులు డబ్బాలో దొరికే తెల్ల కానెలీనీ బీన్స్ వేసి, గుప్పెడు గింజలను గరిటెతో నలిపితే సూప్ చిక్కబడుతుంది. పాస్తా, బీన్స్ కలిపి వండటం ఇటలీలో ఎప్పటి నుంచో ఉన్న మామూలు ఇంటి వంటే. బ్రాత్ కూరగాయలది వాడండి. ఉల్లి, వెల్లుల్లి కూడా తినరంటే ఇంగువ ఉండనే ఉంది.

చీజ్ దగ్గర జాగ్రత్త. అసలైన పార్మిజానో రెజ్జానో చీజ్‌కు పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. ఆవిడ పట్టింపు ఉన్న మనిషైతే సూక్ష్మజీవుల రెన్నెట్‌తో చేసినదని రాసి ఉన్న చీజ్ తెచ్చిపెట్టండి. చెప్పకుండా తురిమి వేయడం మాత్రం తప్పు.

ప్రశ్న: సాసేజ్ లోపల ఇంకా గులాబీ రంగులో ఉంటే పచ్చిగా ఉన్నట్టేనా?
– ఒక విద్యార్థి, సిన్సినాటి

జవాబు: రంగును నమ్మకు బాబూ. వంట థర్మామీటర్ పది, పదిహేను డాలర్లకు వస్తుంది, ఒకటి కొనుక్కో. పచ్చి పోర్క్ సాసేజ్ లోపల 71 డిగ్రీల సెల్సియస్, కోడి అయితే 74 డిగ్రీలు చేరాలి. ముక్కలుగా వేయించి పది నిమిషాలు సూప్‌లో మరిగించినదానికి ఆ భయం ఉండదు. చదువుల హడావిడిలో ఉన్నావు కాబట్టి పొగ పట్టి, ఉడికించి అమ్మే కీల్‌బాసా లాంటి రకం కొనుక్కున్నా సరే. దాన్ని తోలుతోనే చక్రాలుగా తరిగి ఎర్రగా వేయించు. రుచిలో సోంపు బదులు పొగ ఉంటుంది.

ప్రశ్న: ఇదంతా కుక్కర్లో వేసి మూడు విజిల్స్ రానిస్తే పోదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పోదు. పాస్తా నురగ కట్టి విజిల్ రంధ్రంలోకి ఎక్కుతుంది. ఆవిరి దారి మూసుకుంటే ప్రమాదం. బీన్స్‌ను నానబెట్టి కుక్కర్లో ఉడికించుకోండి, ఎముకల బ్రాత్ కుక్కర్లోనే చేసుకోండి. పాస్తా మాత్రం మూత తీసిన గిన్నెలోనే.