ఆదివాసులకు భూమి హక్కు ఇస్తే అమెజాన్ అడవి నిజంగా మిగులుతుందా? బయట ఉన్నవాళ్లం ఏం సాయం చేయగలం?

మిగులుతుంది, హక్కు పూర్తిగా చేతికి వస్తే. సగం హక్కుకి సగం ఫలితం వస్తుందనుకుంటారు చాలామంది. అక్కడే లెక్క తప్పుతుంది.

అమెజాన్‌లో పెద్ద వాటా బ్రెజిల్‌ది కాబట్టి అక్కడినుంచే చెప్తాను. 1988 రాజ్యాంగం 231వ అధికరణం ప్రకారం ఆదివాసీ భూమి కేంద్రప్రభుత్వ ఆస్తి. శాశ్వత స్వాధీనం, అనుభవ హక్కు ఆదివాసులవి. ఆ భూమి అమ్మటానికీ కొనటానికీ లేదు. "ఒక ఎకరం అడవి కొని కాపాడండి" అన్న ప్రకటన చూసి కార్డు బయటికి తీసేవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. హద్దుల పని ఐదేళ్లలో ముగించాలని కూడా అదే రాజ్యాంగం చెప్పింది. అంటే 1993కల్లా అయిపోవాలి. ఇంకా నడుస్తూనే ఉంది.

హద్దులు తేల్చే పద్ధతి 1996 నాటి 1775వ నంబరు డిక్రీలో (అధ్యక్షుడి ఉత్తర్వులో) ఉంది. ఆదివాసీ వ్యవహారాల సంస్థ ఫునాయ్ ఒక మానవశాస్త్రజ్ఞుడి ఆధ్వర్యంలో బృందాన్ని పంపి నివేదిక రాయిస్తుంది. సారాంశం గెజిట్‌లో వచ్చాక అభ్యంతరాలకు 90 రోజులు, వాటికి జవాబులు రాసి ఫైలు పైకి పంపటానికి ఫునాయ్‌కి 60 రోజులు, న్యాయశాఖ మంత్రి నిర్ణయానికి 30 రోజులు. ఆ తర్వాత నేలమీద హద్దులు వేస్తారు, అధ్యక్షుడు డిక్రీ మీద సంతకం పెడతాడు, చివరికి స్థానిక రిజిస్ట్రేషన్ ఆఫీసులో నమోదవుతుంది. గడువులు కూడితే ఆరు నెలలు. నిజానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. గెజిట్‌లో వచ్చిందంటే ఆ భూమి రేపోమాపో ఎవరిదవుతుందో చుట్టుపక్కల అందరికీ తెలిసిపోతుంది. సదుద్దేశంతో చేసిన కట్టడాలకు, పనులకు పరిహారం దొరుకుతుంది కాబట్టి ఆలోపే కంచె వేసుకుందామని చూసేవాళ్లూ ఉంటారు.

బరగ్వనాథ్, బయి అనే ఇద్దరు పరిశోధకులు 2020లో ఇచ్చిన ఫలితం ఇక్కడ అతుకుతుంది. 1982 నుంచి 2016 వరకు ఉపగ్రహ చిత్రాలు తీసుకుని హద్దు గీతకు లోపలా బయటా నరుకుడు పోల్చారు. అధ్యక్షుడి సంతకం అయిన భూముల్లో నరుకుడు స్పష్టంగా తగ్గింది. అంతకుముందు దశల్లో ఆగిపోయిన వాటిలో తేడా కనిపించలేదు.

అయితే సంతకంతోనే పని అయిపోదు. పరా రాష్ట్రంలో పరకనా ప్రజల అపితెరెవా భూమి చూడండి. సుమారు 7.73 లక్షల హెక్టార్లు, 2007లో అధ్యక్షుడి డిక్రీ వచ్చింది. ఆక్రమణదారులను ఖాళీ చేయించటం బెలో మోంటే ఆనకట్ట అనుమతికి పెట్టిన షరతుల్లో ఒకటి. ఆనకట్ట లేచింది, ఆక్రమణదారులు లేవలేదు. పైగా లోపల విలా రెనాసెన్సా అని ఏకంగా ఒక ఊరే కట్టుకున్నారు. 2019 నుంచి 2022 వరకు బ్రెజిల్ ఆదివాసీ భూముల్లో ఎక్కువ అడవి పోయింది అక్కడే.

అక్కడ వ్యాపారం పశువులతో. వానలు ఆగిన కొత్తలో రంపాలతో కొట్టి, మానులు ఎండేదాకా వదిలేసి, ఆగస్టు, సెప్టెంబరుల్లో తగలబెడతారు. బూడిద మీద బ్రాకియారియా గడ్డి విత్తనం చల్లుతారు, తీగ లాగుతారు, దూడల్ని వదులుతారు. ఆ స్థలాన్ని "కార్" అనే గ్రామీణ పర్యావరణ రిజిస్టరులో ఎక్కించేస్తారు. అందులో వివరాలు ఎవరికి వారు ప్రకటించుకోవటమే, అది పట్టా కాదు. అయినా కొనేవాడికి పట్టాలాగే చూపిస్తారు. ఇక పశువుల రవాణాకి జీటీఏ అనే పత్రం ఉంటుంది. దూడ లోపల పుడుతుంది, కాగితం మీద బయటి పొలంలో పుట్టినట్టుంటుంది. అక్కడ కొన్నాళ్లు మేసి కబేళాకి వెళ్తుంది. కబేళా చూసుకునేది ఆఖరి పొలాన్ని మాత్రమే. "మా సరఫరాదారుల్లో ఒక్కరూ అడవి నరకలేదు" అన్న మాంసం కంపెనీ ప్రకటన అక్షరాలా నిజమే అయ్యుండొచ్చు, నాకు ఒళ్లు మండేది సరిగ్గా అందుకే.

2023 అక్టోబరులో కేంద్రం ఖాళీ చేయించటం మొదలుపెట్టింది, 2024 మార్చిలో భూమిని పరకనాలకు తిరిగి అప్పగించింది. ఇలాంటి పనిలో మనుషుల్ని పంపేసి కంచెలు, దొడ్లు, లారీకి పశువులెక్కించే గట్లు, కల్వర్టులు వదిలేస్తే వచ్చే ఎండాకాలానికి మళ్లీ అవే ముఖాలు. పశువుల్ని తోలకపోతే మరీ ప్రమాదం, వాటిని చూసుకోవాలన్న వంకతో మనిషి లోపలే ఉండిపోతాడు.

పెరూలో తంతు ఇంకోరకం. 1978 నాటి 22175వ చట్టం కింద గుంతలు తవ్వి మట్టి నమూనా తీస్తారు. సాగుకో పశువులకో పనికొచ్చే నేల అని తేలిన మేరకే పట్టా. అడవి నేల అని తేలితే వాడుకునే ఒప్పందం మాత్రమే ఇస్తారు. అడవిని అడవిలా ఉంచుకున్నందుకు హక్కు తగ్గిందన్నమాట! ఆ తిరకాసు ఉన్నా పట్టాలు బాగానే పనిచేశాయి: 2017లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం పట్టా వచ్చిన ఏడాది, ఆ మరుసటి ఏడాది కలిపి రెండేళ్ల వ్యవధిలో నరుకుడు నాలుగింట మూడొంతులకు పైగా తగ్గింది.

కాపలా మాట. ఉపగ్రహం అన్నీ పట్టేస్తుందన్నది భ్రమ. బ్రెజిల్ అంతరిక్ష సంస్థ వార్షిక లెక్కలో 6.25 హెక్టార్ల కన్నా చిన్న ముక్క నమోదు కాదు. పై కొమ్మలు కదలకుండా కింద విలువైన మానులు లాక్కుపోతే అసలే కనపడదు. పెరూలోని లొరెటోలో 36 గ్రామాల్లో ఊరివాళ్లనే ఎన్నుకుని, జీతమిచ్చి, ఫోనూ శిక్షణా ఇచ్చారు. నెలనెలా ఉపగ్రహ హెచ్చరికలు వాళ్లకి చేరేవి. ఇలాంటివేవీ లేని గ్రామాలతో పోలిస్తే మొదటి ఏడాది నరుకుడు 52 శాతం, రెండో ఏడాది 21 శాతం తగ్గింది. ఇందులో జీతం ముఖ్యం. ఉత్త గౌరవం కోసం ఏ మనిషీ వారానికి రెండు రోజులు పడవ వేసుకుని హద్దు చూసిరాడు, పెట్రోలు ఎవరు పోస్తారు?

ఇక మీరు చేయగలిగింది. 2021లో గ్లాస్గోలో ధనిక దేశాలు, ఫౌండేషన్లు ఆదివాసుల భూహక్కులకని 170 కోట్ల డాలర్లు ప్రకటించాయి. మొదటి ఏడాది ఖర్చులో నేరుగా ఆదివాసీ, స్థానిక సంఘాలకు చేరింది 7 శాతం. మిగతాది మధ్యలో ఉన్నవాళ్ల ద్వారా పోయింది. అందుకే డబ్బిచ్చేముందు మూడు ప్రశ్నలు అడగండి: ఖాతా మీద సంతకం ఎవరిది? ఏ భూమి ఫైలు, ఇప్పుడు ఏ దశలో ఉంది? వచ్చే ఏడాదికీ డబ్బుందా? బ్రెజిల్‌లో పొదాలి అనే నిధిని ఆదివాసులే నడుపుతున్నారు, అలాంటివాటిని చూడండి. లాయరు ప్రయాణం, పడవ ఇంజను మరమ్మతు, సోలారు బ్యాటరీ లాంటి పద్దులకు దాతలు దొరకరు, ఫోటోలో బాగా పడవు కదా. మొక్కలు నాటటానికి మాత్రం క్యూ కడతారు.

ఐరోపాలో ఉన్నవాళ్లకైతే ఇంకో పని ఉంది. 2020 డిసెంబరు 31 తర్వాత నరికిన నేలనుంచి వచ్చిన పశువులు, సోయా, కోకో, కాఫీ వగైరాలు తమ మార్కెట్‌లోకి రాకూడదని యూరోపియన్ యూనియన్ 2023లో చట్టం చేసింది. పశువు ఉన్న ప్రతి చోటూ చూపాలంటుంది కాబట్టి పైన చెప్పిన దూడ మోసానికి సూటిగా తగిలేది ఇదే. అమలు వాయిదాలు పడుతోంది, మీ పార్లమెంటు సభ్యుడికి ఉత్తరం రాయటానికి ఇంతకన్నా మంచి విషయం దొరకదు.

ఒక హెచ్చరిక కూడా. ఊళ్లవాళ్లు గీసిన పటాలు, కాపలావాళ్ల ఫోటోలు ఎక్కడా పెట్టకండి. పెట్టక తప్పకపోతే లొకేషన్ సమాచారం తీసేసి, ఆ సంఘం ఒప్పుకున్నాకే పెట్టండి. బయటివాళ్లతో సంబంధం లేకుండా బతికే గుంపులు తిరిగే చోట్లయితే పేరు కూడా రాయొద్దు, బంగారం తవ్వేవాళ్లూ కలప దొంగలూ కూడా అవే పేజీలు చదువుతారు.