మెదక్ చర్చి కట్టినోళ్ల పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న: మాది సంగారెడ్డి. మా నాన్న వాళ్లది మెదక్ దగ్గర పల్లె, మా ముత్తాత పెద్ద చర్చి కట్టేటప్పుడు రాళ్లు మోశాడని ఇంట్లో చెప్తారు. ఆయన మాది వెస్లియన్ మిషన్ అనేవాడంట, ఇప్పుడు చూస్తే బోర్డు మీద సీఎస్ఐ అని ఉంది. అమ్మ వాళ్లది జహీరాబాద్ వైపు, అక్కడేమో మెథడిస్ట్ చర్చి. ఇవన్నీ ఒకటేనా? మా కుటుంబం ఎప్పుడు క్రైస్తవులయ్యారో తెలుసుకునే దారి ఉందా? అన్నం కోసం మారారని కాలేజీలో ఒకరు అంటే చాలా బాధేసింది. – ఒక పాఠకురాలు

జవాబు: ముందు పేర్ల సంగతి చూద్దామమ్మా, అది తేలితే మిగతాది సగం తేలినట్టే. మెదక్ వైపు వచ్చింది ఇంగ్లాండ్ నుంచి వెస్లియన్ మెథడిస్ట్ మిషన్. 1932లో అక్కడ ఇంగ్లాండ్‌లో మెథడిస్టుల మూడు శాఖలు కలిసిపోయాయి, దాంతో వెస్లియన్ అన్న మాట పోయి ఉత్త మెథడిస్ట్ చర్చి అయింది. తర్వాత 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు (ఇంగ్లాండ్ చర్చి వాళ్లు), మెథడిస్టులు, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి వాళ్లు అందరూ కలిసి సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అయ్యారు, మెదక్ చర్చి కెథీడ్రల్, అంటే బిషప్ పీఠం ఉండే చర్చి అయింది. మీ అమ్మ వాళ్ల వైపు, అంటే జహీరాబాద్, వికారాబాద్, బీదర్ అంతా వచ్చింది అమెరికా మెథడిస్టులు, వాళ్లు సీఎస్ఐలో కలవలేదు, 1981లో మెథడిస్ట్ చర్చి ఇన్ ఇండియాగా సొంతంగా నిలబడ్డారు. రెండు వైపులా మూలం మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీనే, కానీ మిషన్లు వేరు, రిజిస్టర్లు వేరు. కాబట్టి ఇంట్లో ఏ పాత కాగితం దొరికినా దాని మీద వెస్లియన్ అని ఉంటే అది 1932కి ముందుదని దాదాపుగా అనుకోవచ్చు, మీకు ఇది చాలా పనికొచ్చే గుర్తు.

ఇక పెద్ద చర్చి. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ సికింద్రాబాద్‌లో బ్రిటిష్ సైనికుల మధ్య పనిచేసి, 1890ల చివర్లో మెదక్ వచ్చాడు. 1914లో మొదలైన కట్టడం 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరుపుకుంది. రెండొందల అడుగుల పొడవు, వంద అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం, అయిదు వేల మంది కూర్చోగలరు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం, కరువు. చుట్టుపక్కల పల్లెల జనం అక్కడ పనిచేసి ఆ కూలితోనే పూట గడుపుకున్నారు. అంటే మీ ముత్తాత రాళ్లు మోశాడన్న మాట పూర్తిగా నమ్మదగ్గదే.

ఇప్పుడు ఆ అన్నం మాట. ఇది విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఈ చర్చిల్ని నిలబెట్టిన కుటుంబాలు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలు. బడి గడప తొక్కనివ్వని రోజుల్లో పిల్లలకి అక్షరం దొరికింది, జబ్బు చేస్తే ముట్టుకుని చూసే డాక్టరమ్మ దొరికింది, పక్కన కూర్చోబెట్టుకునే మనిషి దొరికాడు. ఆకలి లేదని నేననను, ఆకలి ఉంది, కానీ ఆ కరువు పోయాక కూడా వాళ్లు అక్కడే ఉన్నారు కదా. పల్లెల్లో గుడిసె చర్చిలు నడిపింది, ఎడ్లబండి మీద ఊరూరు తిరిగిన ఉపదేశులు, వాళ్ల భార్యలు. పోస్నెట్ పేరు అందరికీ తెలుసు, వీళ్ల పేర్లు మాత్రం చాలావరకు రిజిస్టర్లలోనే ఉండిపోయాయి, నన్నడిగితే అసలు చర్చి కట్టినోళ్లు వీళ్లే.

ఆ రిజిస్టర్లు పాస్టరేట్ (ఒక పాదిరి కింద ఉండే సంఘాలు) ఆఫీసులో ఉంటాయి. అయితే ఒక పాస్టరేట్‌ని తర్వాత రెండు మూడుగా విడగొట్టి ఉండొచ్చు, అందుకని ఇప్పుడు మీ ఊరు దేని కింద ఉందని కాకుండా ముత్తాత కాలంలో దేని కింద ఉండేదని అడగండి. బాప్తిస్మం రిజిస్టర్‌లో మామూలుగా పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ, ఇచ్చిన పాదిరి సంతకం ఉంటాయి. చాలాచోట్ల ఒక్కరు కాదు, ఇంటిల్లిపాదీ ఒకే రోజు తీసుకునేవాళ్లు, కాబట్టి పైనా కిందా వరసలు కూడా చూడండి, బాబాయిలు, మేనత్తలు అక్కడే దొరుకుతారు. పెళ్లి రిజిస్టర్ ఇంకా మంచిది, వయసు, వృత్తి, ఇద్దరి తండ్రుల పేర్లు, కింద సాక్షుల సంతకాలో వేలిముద్రలో ఉంటాయి, ఆ సాక్షులు చాలాసార్లు చుట్టాలే.

రెండు చిక్కులు. ఒకటి, ఒకే మనిషికి రెండు పేర్లు ఉండటం. బాప్తిస్మంలో దేవదానం, బడిలో వేరే పేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకి ఎస్సీ హోదా లేకుండా పోయింది, మన దగ్గర వాళ్లు బీసీ–సీ కింద వస్తారు, ఆ భయంతో ఎన్నో ఇళ్లల్లో కాగితం పేరు ఒకటి, చర్చి పేరు ఒకటి అయింది, కాబట్టి ఒక పేరుతో దొరకలేదని వదిలేయకండి. రెండోది, నిజాం కాలం భూమి కాగితాల్లో ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కల సంవత్సరం ఉంటుంది, ఇంగ్లిష్ సంవత్సరం కావాలంటే దానికి 590 కలపండి, ఫసలీ 1334 అంటే సుమారు 1924–25 అన్నమాట.

మిషనరీల ఉత్తరాలు, రిపోర్టులు, ఫోటోలు లండన్ యూనివర్సిటీకి చెందిన సోయాస్ (SOAS) లైబ్రరీలో ఉన్నాయి, బెంగళూరు యునైటెడ్ థియోలాజికల్ కాలేజీ ఆర్కైవ్స్‌లో కూడా చర్చిల పాత కాగితాలు ఉన్నాయి. కానీ అక్కడికి చివర్లో వెళ్లండి, వాటిలో దొరల పేర్లే ఎక్కువ. ముందు మీ ఇంట్లో అందరికంటే పెద్దావిడ ఎవరో చూసి, ఆమె పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డ్ చేయండి. ముత్తాత రెండు పేర్లు, ఊరు, బాప్తిస్మం ఇచ్చిన పాదిరి పేరు, ఈ నాలుగూ తెలిస్తే పాస్టరేట్‌లో రిజిస్టర్ తిప్పే పని తేలికవుతుంది.