మూడో కీమో తర్వాత అమ్మ మాట్లాడటమే తగ్గించేసింది

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. అమ్మకి 52 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కి విజయవాడలో కీమో చేయిస్తున్నాం, మూడోది అయిపోయింది. నోరంతా పొక్కి ఏదీ తినలేకపోతోంది. జుట్టు ఊడిపోయాక వాకిట్లోకి కూడా రావడం లేదు. నాన్నమీద ఊరికే విసుక్కుంటోంది, మేం ధైర్యం చెప్పబోతే లేచి లోపలికి వెళ్లిపోతోంది. ఆస్పత్రిలో అడిగితే ‘అవన్నీ మామూలే’ అంటున్నారు. ఏం చెయ్యాలో తోచడం లేదు.
– ఒక కూతురు

జవాబు: మామూలే అన్నమాట అబద్ధం కాదు గానీ, ఆ మాట విన్నంత మాత్రాన ముద్ద గొంతు దిగదు కదమ్మా. కీమో మందు వేగంగా పెరిగే కణాలను దెబ్బతీస్తుంది, క్యాన్సర్ కణాలతో పాటు నోటి లోపలి పొర, పేగులు, జుట్టు కుదుళ్లు, ఎముకల్లోని మూలుగ కూడా అలాంటివే కాబట్టి వాటికీ తగులుతుంది.

ముందు నోటి సంగతి. లీటరు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలిపి, తిన్న ప్రతిసారీ, పడుకోబోయే ముందూ పుక్కిలించమనండి. మంటపుట్టే మౌత్‌వాష్‌లు వద్దు. మనకి కారం లేకపోతే అన్నం తిన్నట్టే ఉండదు, నాకు తెలుసు, అయినా కొన్నాళ్లు ఆవకాయ, గోంగూర జోలికి పోకండి. మెత్తగా పిసికిన పెరుగన్నం, చల్లారిన రాగిజావ, నెయ్యేసిన ముద్దపప్పు, బాగా ఉడికిన గుడ్డు, ఏదైనా సరే నాలుగు ముద్దల చొప్పున ఎక్కువసార్లు పెట్టండి. నోట్లో ఇనుము చప్పరిస్తున్నట్టు ఉందంటే స్టీలు చెంచా తీసేసి ప్లాస్టిక్‌ది ఇచ్చి చూడండి. మంచినీళ్లు కూడా మింగలేకపోతుంటే మాత్రం ఆగొద్దు, డాక్టరుకి చెప్పండి, దానికి మందులున్నాయి.

ఇంట్లో థర్మామీటరు ఉందా? లేకపోతే ఇవాళే కొనండి. కీమో అయ్యాక సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడే అని కాదు, కీమో నడుస్తున్నన్నాళ్లూ ఎప్పుడైనా సరే జ్వరం 100.4 డిగ్రీలకి చేరితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి, అర్ధరాత్రయినా వెంటనే ఆస్పత్రికి బయల్దేరండి.

ఇక జుట్టు. మా అక్కకి కీమో జరిగేటప్పుడు ఒకరోజు చీరల మడతల కింద దువ్వెన కనిపించింది. ఇక్కడెందుకు పెట్టావే అంటే, అది కళ్లబడితే కడుపులో తిప్పుతోంది అంది. నేను పెద్ద మొనగత్తెలాగా ‘మళ్లీ వస్తుందిలే’ అన్నాను, అంతే, ఆ పూటంతా మాట్లాడలేదు. మందు ఆపాక కొన్ని నెలల్లో జుట్టు వచ్చే మాట నిజమే, మా అక్కకీ వచ్చింది, కానీ ఆ రోజు తనకి కావలసింది ఆ మాట కాదు. తిరుపతిలో ఇస్తే మొక్కు అనేవాళ్లే, పుణ్యస్త్రీకి గుండేమిటని గుసగుసలాడతారు. మీ అమ్మ వాకిట్లోకి రానిది ఆ చూపులకే అయ్యుంటుంది.

కాబట్టి ధైర్యంగా ఉండమని చెప్పడం కొన్నాళ్లు మానెయ్యండి. పక్కన కూర్చుని ‘ఇవాళ ఏది ఎక్కువ బాధపెట్టింది?’ అని అడగండి, ఏం చెప్పినా సర్దిచెప్పకుండా వినండి. తలకి కట్టుకోను మెత్తని మంగళగిరి నూలు గుడ్డ తెచ్చే పని నాన్నగారికి అప్పగించండి, సాయంత్రం ఎండ తగ్గాక ఆవిడతో డాబా మీద పది నిమిషాలు నడవమనండి. పడుకునే ఉంటే నీరసం ఇంకా పెరుగుతుంది. రెండు వారాలైనా నిద్రలేకుండా, దేనిమీదా ఆశలేనట్టు ఉంటే డాక్టరుతో ఆ సంగతీ చెప్పండి. మనసు బాగోలేనివాళ్లకి ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు. ‘ఎందుకీ బతుకు’ లాంటి మాట వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి.

ఒక నోటుపుస్తకం పెట్టి కీమో అయిన రోజు నుంచీ ఏం తిన్నారు, జ్వరమెంత, ఎక్కడ నొప్పి అని రాస్తూ రండి. కష్టమైన రోజులేవో దాన్నిబట్టి మీకే తెలిసిపోతుంది, మందులు మార్చాలేమో డాక్టరుకీ తెలుస్తుంది. నాలుగో కీమోకి వెళ్లేటప్పుడు దాన్ని సంచిలో పెట్టుకోండి. డాక్టరు ముందు మీరు కాదు, అమ్మనే చదవనివ్వండి.